ఇంటి కెమెరాను స్మార్ట్ డిస్‌ప్లేకు కలపడం: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

గుమ్మం దగ్గర ఒక కెమెరా, లోపల బల్ల మీద మాటతో అడిగితే పలికే తెర, అంటే ఒక స్మార్ట్ డిస్‌ప్లే. రెండూ ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద ఉన్నాయి కాబట్టి ఒకదాని చిత్రం మరొకదానిలో కనిపించడం పెద్ద పనేమీ కాదని చాలామంది అనుకుంటారు. కొనడానికి ముందు నేనూ అలాగే అనుకున్నాను. మొదటి కెమెరా బిగించిన వారంలోనే ఒక సాయంత్రం బెల్ మోగింది. లోపలి గదిలో ఉన్న మా అమ్మ డిస్‌ప్లే వైపు తిరిగి గుమ్మం చూపించమని అడిగింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. చివరికి చిత్రం వచ్చేసరికి అందులో కనిపించింది గేటు దాటి వెళ్లిపోతున్న మనిషి వీపు. కెమెరా మంచిదే, డిస్‌ప్లే మంచిదే, వైఫై సిగ్నల్ కూడా నిండుగానే ఉంది. లోపమంతా ఆ రెండింటి మధ్య చిత్రం నడిచిన దారిలో ఉంది.

అందువల్ల ఏ కెమెరా గొప్పది, ఏ డిస్‌ప్లే గొప్పది అన్న ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టి, చిత్రం ఒకదాని నుంచి మరొకదానికి చేరే దారులను ఇక్కడ పోల్చి చూస్తున్నాను. మెగాపిక్సెళ్లూ తెర అంగుళాలూ ఆ తర్వాత చూసుకోవలసినవి. దారి సరిగా ఎంచుకున్నవారికి మామూలు కెమెరా కూడా చక్కగా పనికొస్తుంది. దారి తప్పినవారికి ఎంత ఖరీదైన కెమెరా అయినా గేటు దాటిన మనిషి వీపునే చూపిస్తుంది.

## ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

అన్నింటికంటే ముఖ్యమైనది ఆలస్యం. ఇందులో రెండు రకాలున్నాయి. అడిగినప్పటి నుంచి మొదటి చిత్రం తెర మీదకు వచ్చేదాకా పట్టే సమయం ఒకటి. వచ్చిన చిత్రం అసలు దృశ్యం కంటే ఎంత వెనకబడి నడుస్తోందన్నది రెండోది. ఈ రెండోదాన్ని ఇంట్లోనే సులువుగా కొలవవచ్చు. డిస్‌ప్లేను కెమెరా ఉన్న చోటికి తెచ్చి, ఒక ఫోనులో స్టాప్‌వాచ్ నడిపి కెమెరా ముందు పట్టుకోండి. ఆ ఫోనూ డిస్‌ప్లే తెరా రెండూ పడేలా మరో ఫోనుతో ఒక ఫొటో తీయండి. ఆ ఫొటోలో చేతిలోని ఫోను 14.8 సెకన్లు చూపుతుండగా డిస్‌ప్లేలో 9.2 కనిపిస్తే, మీరు చూస్తున్నది అయిదున్నర సెకన్లకు పైగా పాత దృశ్యమన్నమాట. రెండు నిమిషాల్లో అయ్యే ఈ పరీక్ష కెమెరా పెట్టె మీద రాసిన ఏ మాట కంటేనైనా నమ్మదగినది.

ఈ ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎంపిక సగం పూర్తయినట్టే. హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతి వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క పూర్తయ్యాకే ముందుకు పంపుతుంది. చూసే పరికరం కూడా రెండు మూడు ముక్కలు చేతికందాకే ఆడించడం మొదలుపెడుతుంది. ఒక్కో ముక్క ఆరు సెకన్లదైతే చిత్రం పదిహేను సెకన్లు వెనకబడినా ఆశ్చర్యం లేదు. వెబ్‌ఆర్‌టీసీ అలా కాదు. వీడియో కాల్స్ వంటి ముఖాముఖి సంభాషణ కోసం రూపొందిన పద్ధతి కాబట్టి ఒక్కో ఫ్రేమును సిద్ధమైన వెంటనే పంపేస్తుంది, ఆలస్యం సాధారణంగా సెకనుకు అటూ ఇటూగా ఉంటుంది. 1998లోనే ప్రమాణంగా వెలువడిన ఆర్‌టీఎస్‌పీ అనే మరో ప్రసార పద్ధతి, ఇంటి నెట్‌వర్కు దాటి బయటికి వెళ్లనంతవరకూ, దాదాపు అంతే చురుకుగా నడుస్తుంది. గుమ్మంలో నిలబడినవారితో మాట్లాడాలంటే మొదటి పద్ధతి పనికిరాదు. పెరటిలో వాన పడుతోందో లేదో చూడటానికి అదే చాలు.

రెండో విషయం, తెర తానుగా వెలుగుతుందా, అడిగితేనే వెలుగుతుందా అన్నది. ‘డిస్‌ప్లేలో పనిచేస్తుంది’ అని కెమెరా పెట్టె మీద ఉంటే, అడిగినప్పుడు చిత్రం వస్తుందని మాత్రమే దాని అర్థం. బెల్ నొక్కగానే చేతులు తడిగా ఉన్న మనిషి ఏమీ అనకుండానే తెర వెలిగి గుమ్మం కనిపించడం వేరే సదుపాయం. అది అన్ని జతలకూ ఉండదు.

మూడోది ఇంటర్నెట్ పోయినప్పటి పరిస్థితి. చాలా జతల్లో, కెమెరా నుంచి డిస్‌ప్లేకు ఉన్న దూరం పది అడుగులే అయినా, చిత్రం ఎక్కడో ఉన్న సర్వరు దాకా వెళ్లి తిరిగి వస్తుంది. వెబ్‌ఆర్‌టీసీ వాడే కొన్ని జతల్లో చిత్రం ఇంట్లోనే నేరుగా నడిచినా, ఆ రెండు పరికరాలకూ పరిచయం చేసే పని బయటి సర్వరుదే కాబట్టి, లైను తెగితే పరిచయం జరగదు, చిత్రమూ రాదు.

నాలుగోది, మీతోపాటు ఆ చిత్రం ఇంకెవరి చేతుల మీదుగా పోతోందన్నది. దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదని చెప్పే ఉదాహరణలు బోలెడున్నాయి. 2020 జనవరిలో షావోమీ కెమెరాను గూగుల్ స్మార్ట్ డిస్‌ప్లే అయిన నెస్ట్ హబ్‌కు కలుపుకున్న ఒక వినియోగదారుకు తన ఇంటి చిత్రానికి బదులు ముక్కూమొహం తెలియని వాళ్ల ఇళ్లలోని దృశ్యాలు తెర మీద కనిపించాయి. గూగుల్ వెంటనే షావోమీ పరికరాల అనుసంధానాన్ని నిలిపివేసింది; కారణం క్యాష్‌లో, అంటే డేటాను తాత్కాలికంగా దాచే చోట, చేసిన ఒక మార్పు అని షావోమీ వివరణ ఇచ్చుకుంది. 2024 ఫిబ్రవరిలో వైజ్ సంస్థ వినియోగదారుల్లో సుమారు 13,000 మందికి ఇతరుల కెమెరాల చిత్రాలు చేరాయి. ఈ రెండు సందర్భాల్లోనూ పాస్‌వర్డు ఎవరూ దొంగిలించలేదు. చిత్రం నడిచిన దారిలోనే తప్పు జరిగింది.

మిగిలినవి రెండూ క్లుప్తంగా. కెమెరా బ్యాటరీదైతే అది నిద్ర లేచి చిత్రం ఇవ్వడానికే కొన్ని సెకన్లు తీసుకుంటుంది. దాన్ని గంటల తరబడి తెర మీద ఉంచితే వారాలు రావలసిన చార్జింగు రోజుల్లోనే కరిగిపోతుంది. ఇక నెలవారీ చందా: లైవ్ దృశ్యానికి చాలా సంస్థలు డబ్బు అడగవు, కానీ గడిచిన రికార్డింగులు చూడటానికి అడుగుతాయి. మీకు కావలసింది కేవలం ఇప్పుడు ఎవరున్నారో చూడటమే అయితే చందా అవసరం లేకపోవచ్చు.

## ఒకే సంస్థ కెమెరా, ఒకే సంస్థ డిస్‌ప్లే

అమెజాన్ 2017లో బ్లింక్‌ను, 2018లో రింగ్‌ను కొనుగోలు చేసింది కాబట్టి ఆ రెండు రకాల కెమెరాలూ అమెజాన్ స్మార్ట్ డిస్‌ప్లే అయిన ఎకో షోతో ఒకే కుటుంబం కింద లెక్క. 2014లో గూగుల్ చేతికి వచ్చిన నెస్ట్ కెమెరాలకు నెస్ట్ హబ్‌తో ఉన్న బంధుత్వమూ అలాంటిదే. ఈ జతల్లో అమరిక నిమిషాల మీద అయిపోతుంది: కెమెరాను దాని యాప్‌లో చేర్చడం, ఆ ఖాతాను డిస్‌ప్లే ఖాతాతో కలపడం, పేరు పెట్టడం, అంతే. నెస్ట్ డోర్‌బెల్ నొక్కితే నెస్ట్ హబ్ తెర మీద గుమ్మం తానుగా ప్రత్యక్షమవుతుంది. అక్కడి నుంచే జవాబు చెప్పవచ్చు. రింగ్ డోర్‌బెల్‌కూ ఎకో షోకూ మధ్య మాట్లాడుకోవడం కూడా ఇంతే సాఫీగా ఉంటుంది.

ఇంత సౌకర్యానికి బదులుగా వదులుకోవలసింది మొదటిరోజు కనిపించదు. మొదటిది, మీరు ఒక కుటుంబంలోకి వెళ్లిపోయారు. రేపు డిస్‌ప్లే మార్చాలంటే కెమెరాలు కూడా మార్చవలసి రావచ్చు. నెస్ట్ కెమెరాను ఎకో షోలో చూపించే స్కిల్ (అలెక్సాకు జోడించుకునే చిన్న యాప్ లాంటిది) ఉంది గానీ, రింగ్ కెమెరా లైవ్ దృశ్యం నెస్ట్ హబ్ మీదకు రాదు. అంటే తలుపులు రెండు వైపులా ఒకేలా తెరుచుకోవు.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. రింగ్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అనే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేస్తే వీడియో తాళం మీ ఫోనులోనే ఉంటుంది, సంస్థ కూడా చూడలేదు. అయితే ఆ తాళం డిస్‌ప్లే దగ్గర ఉండదు కాబట్టి ఎకో షోలో ఆ కెమెరా దృశ్యం కనిపించడం ఆగిపోతుంది. తెర మీద చూసుకునే సుఖమా, ఎవరూ చూడలేరన్న భరోసానా అన్నది మీరే తేల్చుకోవాలి. రింగ్ ఉద్యోగులు వినియోగదారుల వీడియోలను చూశారన్న ఆరోపణల మీద 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 58 లక్షల డాలర్ల ఒప్పందం జరిగిన తర్వాత, ఈ ప్రశ్నను భయస్తుల అనుమానం అని కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు. నా సలహా ఇది: వీధి వైపు చూసే కెమెరాకు తెర సుఖాన్ని ఎంచుకోండి, పడకగది వైపు చూసే కెమెరాకు ఈ దారినే ఎంచుకోకండి.

## వేరువేరు సంస్థలవి, ఖాతాలు ముడివేసి

ఎక్కువమంది నడిచే దారి ఇది, ఎక్కువమంది తిట్టుకునే దారి కూడా ఇదే. టీపీ-లింక్ టాపో, ఆర్లో, యూఫీ వంటి కెమెరాలను వాటి సొంత యాప్‌లో చేర్చి, అలెక్సా యాప్‌లో ఆ సంస్థ స్కిల్‌ను, లేదా గూగుల్ హోమ్ యాప్‌లో ఆ సంస్థ ఖాతాను జోడిస్తాము. అప్పుడు కెమెరా సంస్థ సర్వరుకూ డిస్‌ప్లే సంస్థ సర్వరుకూ మధ్య ముడి పడుతుంది. ఇక్కడ కెమెరాకూ డిస్‌ప్లేకూ నేరుగా పరిచయమే లేదు. ఎవరి సర్వరుతో వాళ్లు మాట్లాడతారు, ఆ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. నేను మొదట్లో చెప్పిన సాయంత్రం నాటి కథ ఈ దారిలో జరిగినదే.

ఈ దారిలో మంచి లేకపోలేదు. ఇప్పటికే ఉన్న కెమెరాను పారేయనక్కర లేదు, కెమెరాల ఎంపిక విస్తారం, మెమరీ కార్డులోనే రికార్డింగు దాచుకునేవి దొరుకుతాయి, కాబట్టి చందా బెడద తగ్గుతుంది. కొన్ని కెమెరాలు వెబ్‌ఆర్‌టీసీ మీద నడుస్తాయి, వాటి ఆలస్యం ఒకే కుటుంబపు జతలకు దగ్గరగానే ఉంటుంది. చిక్కంతా ఏ మోడల్ ఎలా నడుస్తుందో పెట్టె మీద రాయకపోవడం. అందుకే పైన చెప్పిన స్టాప్‌వాచ్ పరీక్షను వాపసు గడువు ముగియక ముందే చేసి తీరాలి.

ముడి పడింది, కెమెరా జాబితాలో కనిపిస్తోంది, కానీ అడిగితే ‘కెమెరా స్పందించడం లేదు’ అంటోంది. ఈ దశలో చాలామంది కెమెరాను తిరిగి ఇచ్చేస్తారు. అంతకు ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కెమెరా యాప్‌లో వీడియో పద్ధతి హెచ్.265 అని ఉంటే హెచ్.264కు మార్చి చూడండి. 2013లో వచ్చిన హెచ్.265 తక్కువ డేటాతో నడుస్తుంది గానీ దాన్ని విప్పడం అన్ని తెరలకూ చేతకాదు, 2003 నాటి హెచ్.264 దాదాపు అన్నింటికీ వచ్చు. రెజల్యూషన్ బాగా ఎక్కువగా ఉంటే 1080పీకి తగ్గించండి. రెండు ఖాతాలూ ఒకే దేశం కింద నమోదయ్యాయో లేదో సరిచూడండి. కెమెరాలో ‘ప్రైవసీ మోడ్’ ఆన్‌లో ఉండిపోయి తెర నల్లగా కనిపించే సందర్భాలూ తక్కువేమీ కాదు.

పేరు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. డిస్‌ప్లే ఇంగ్లీషులో వింటున్నప్పుడు కెమెరాకు ‘గుమ్మం’ అనో ‘పెరడు’ అనో తెలుగు పేరు పెడితే అది రోజుకో రకంగా వింటుంది. మా ఇంట్లో ‘ఫ్రంట్ డోర్’, ‘ఫ్రంట్ రూమ్’ అని పెట్టుకున్న రెండు కెమెరాలు కూడా ఇలాగే తికమక పెట్టాయి. ధ్వనిలో పోలిక లేని చిన్న పేర్లు పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లతో ఒకసారి పలికించి చూసుకోవడం మంచిది. పరికరం మీ గొంతును అర్థం చేసుకున్నంత మాత్రాన వాళ్ల గొంతును అర్థం చేసుకుంటుందని లేదు.

## యాపిల్ దారి

యాపిల్ హోమ్‌లో కెమెరాను చేర్చుకుంటే చూసే తెర ఐప్యాడ్ లేదా యాపిల్ టీవీ పెట్టెకు కలిపిన టీవీ అవుతుంది. 2019లో ప్రకటించిన హోమ్‌కిట్ సెక్యూర్ వీడియో ఈ దారికి అసలు ఆకర్షణ. వీడియోలో ఉన్నది మనిషా, జంతువా, వాహనమా అన్న విశ్లేషణ ఇంట్లోనే ఉన్న యాపిల్ టీవీ లేదా హోమ్‌పాడ్‌లో జరిగి, ఆ తర్వాత తాళం వేసిన వీడియోయే ఐక్లౌడ్‌కు వెళుతుంది. యాపిల్ కూడా దాన్ని తెరవలేదు. పది రోజుల రికార్డింగు ఉంటుంది, అది మీ ఐక్లౌడ్ నిల్వలో స్థలం తినదు. 50 జీబీ పథకంలో ఒక కెమెరా, 200 జీబీలో అయిదు. పరిమితులు కూడా స్పష్టమే: రికార్డింగు 1080పీ మించదు, ఈ పద్ధతికి ఒప్పుకునే కెమెరాలు కొద్దిగానే ఉన్నాయి. ఇంట్లో అందరి చేతిలోనూ ఐఫోన్లే ఉంటే గోప్యతకూ సౌకర్యానికీ మధ్య ఇంత చక్కని సయోధ్య మరో దారిలో లేదు. ఒక్కరిదే ఐఫోన్ అయితే ఇటు రావద్దు.

## సొంత సర్వరు, గోడకు ట్యాబ్లెట్

ఇంట్లో మూలన పడి ఉన్న పాత ట్యాబ్లెట్‌ను ఎప్పుడూ వెలుగుతూ ఉండే కెమెరా తెరగా మార్చడం ఈ దారి. ఇందుకు కావలసినవి మూడు: ఆర్‌టీఎస్‌పీ ఇచ్చే కెమెరా, రోజంతా నడిచే ఒక చిన్న కంప్యూటరు, అందులో ఇంటి పరికరాలను ఒకచోట నుంచి నడిపే హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్. కెమెరా కొనేటప్పుడు ఆన్‌విఫ్ గుర్తు కోసం చూడండి. ఇది యాక్సిస్, బాష్, సోనీ కలిసి 2008లో మొదలుపెట్టిన ప్రమాణం. ఈ గుర్తు ఉన్న కెమెరా సాధారణంగా ఏ సంస్థ రికార్డరుతోనైనా మాట్లాడగలదు. బ్యాటరీ కెమెరాల్లో చాలావాటికి ఈ సదుపాయం ఉండదు, కాబట్టి కరెంటు తీగ తప్పదు.

‘ఆర్‌టీఎస్‌పీ ఉన్న కెమెరా నా దగ్గర ఉంది, ఆ చిరునామాను నేరుగా ఎకో షోకు ఇవ్వలేనా?’ అని చాలామంది అడుగుతారు. ఇవ్వలేరు. అలెక్సా ఆర్‌టీఎస్‌పీని తీసుకోవాలంటే ఆ ప్రసారం టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ రక్షణతో 443 పోర్టు (నెట్‌వర్కు ద్వారం) మీద రావాలి. మామూలు కెమెరాలు అలాంటి రక్షణ లేకుండా 554 పోర్టు మీద పంపుతాయి. మధ్యలో దాన్ని మార్చి ఇచ్చే దుబాసీ ఒకటి ఉండాలి. హోమ్ అసిస్టెంట్‌తో కలిసి వచ్చే గోటుఆర్‌టీసీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ చేసేది ఆ పనే: కెమెరా ఇచ్చే ఆర్‌టీఎస్‌పీని వెబ్‌ఆర్‌టీసీగా మార్చి ట్యాబ్లెట్ బ్రౌజరుకు అందిస్తుంది. దానికి తోడు కెమెరా దృశ్యాల్లో ఏముందో గుర్తుపట్టే ఫ్రిగేట్ అనే సాఫ్ట్‌వేర్‌ను పెట్టుకుంటే మనిషి కదిలినప్పుడు, చెట్టు కొమ్మ ఊగినప్పుడు తేడా తెలుసుకుని, మనిషి వస్తేనే ట్యాబ్లెట్ వెలిగేలా ఏర్పాటు చేసుకోవచ్చు. ఇదంతా ఇంటి గోడల లోపలే జరుగుతుంది. ఇంటర్నెట్ లైను తెగిపోయినా రౌటరుకు కరెంటు ఉన్నంతసేపూ చిత్రం ఆగదు.

నేను చివరికి స్థిరపడింది ఈ దారిలోనే, కాబట్టి దీని కష్టాలు కూడా దాచకుండా చెప్పాలి. మొదటి అమరికకు ఒక శనివారం, ఆదివారం పూర్తిగా పోయాయి. ప్రతి కెమెరాకూ రెండు ప్రసారాలుంటాయని, నిండు స్పష్టత ఉన్నది రికార్డింగుకు, తేలికైన రెండోది తెరకు వాడాలని ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా నాలుగు కెమెరాల నిండు ప్రసారాలను మోయలేక పాత ట్యాబ్లెట్ పది నిమిషాలకోసారి స్తంభించిపోయేది. రెండో ప్రసారానికి మార్చగానే అదే ట్యాబ్లెట్ రోజుల తరబడి ఆగకుండా నడిచింది.

అంతకంటే ముఖ్యమైనది బ్యాటరీ. రోజంతా చార్జరుకు తగిలించి ఉంచిన ట్యాబ్లెట్ బ్యాటరీ వేడికీ నిండు చార్జికీ నలిగి క్రమంగా ఉబ్బుతుంది. మా ట్యాబ్లెట్‌లో మొదట కనిపించిన సూచన తెర అంచు దగ్గర గోరు పట్టేంత సందు. దాన్ని వెంటనే తీసేశాను. మీరూ అలాంటిది చూస్తే ఆలోచించకుండా చార్జింగు ఆపి, పరికరాన్ని వాడకం నుంచి తప్పించండి. కొత్తగా పెట్టేటప్పుడు చార్జి 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉందేమో చూడండి, లేకపోతే స్మార్ట్ ప్లగ్‌తో రోజుకు కొంతసేపే చార్జి అయ్యేలా సమయం పెట్టండి.

ఈ దారిలో భద్రతకు పూచీ కూడా మీదే. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలనూ రికార్డర్లనూ లక్షల సంఖ్యలో లోబరచుకుని, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. పాస్‌వర్డు మార్చడం, రౌటరులో కెమెరా పోర్టును బయటి ప్రపంచానికి తెరవకపోవడం, ఈ రెండూ చేయనివారు దయచేసి ఈ దారిలోకి రావద్దు.

## ఇంటర్నెట్ ఊసే లేని తెర

ఊయలలోని బిడ్డను చూసుకోవడమే అవసరమైతే, తన సొంత రేడియోతో తన తెరకే చిత్రం పంపే బేబీ మానిటర్ చాలు. దానికి వైఫై, ఖాతా, యాప్ ఏదీ అక్కర లేదు. ఎక్కువ కెమెరాలు కావలసినవారికి ఇదే ఆలోచన పెద్ద రూపంలో ఎన్‌వీఆర్ అవుతుంది: ఒకే కేబుల్‌లో కరెంటూ చిత్రమూ నడిపే పీఓఈ కెమెరాలు, వాటికొక రికార్డరు, రికార్డరు నుంచి టీవీకి ఒక హెచ్‌డీఎంఐ తీగ. ఒక్కో కేబుల్ 100 మీటర్ల దాకా వెళుతుంది, వైఫై అందని మూలలు కూడా సాధ్యమవుతాయి. గోడలకు రంధ్రాలు తప్పవు, మాటతో అడిగే వీలు ఉండదు. నమ్మకం మాత్రం మిగతా అన్నింటికంటే ఎక్కువ.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | చిత్రం ఆలస్యం | తెర తానుగా వెలగడం | ఇంటర్నెట్ లేనప్పుడు | అమర్చే శ్రమ |
|---|---|---|---|---|
| ఒకే సంస్థ జత | తక్కువ | డోర్‌బెల్‌కు బాగా పనిచేస్తుంది | తెర మీదకు రాదు | చాలా తక్కువ |
| ఖాతాల ముడి | మోడల్‌ను బట్టి చాలా తేడా | తరచూ ఉండదు | రాదు | తక్కువ, చిక్కులు వస్తే ఎక్కువ |
| యాపిల్ హోమ్ | తక్కువ | డోర్‌బెల్‌కు యాపిల్ టీవీలో ఉంది | బయటి నుంచి చూడలేరు, కొత్త రికార్డింగు నిల్వ కాదు | తక్కువ |
| సొంత సర్వరు | సెకనుకు అటూ ఇటూ | మీరు కోరినట్టు | నడుస్తుంది | చాలా ఎక్కువ |
| ఎన్‌వీఆర్, బేబీ మానిటర్ | దాదాపు లేదు | ఎప్పుడూ వెలిగే ఉంచవచ్చు | నడుస్తుంది | తీగల పని, లేదా అసలేమీ లేదు |

## ఎవరికి ఏది

ఫోను వాడటం కష్టమైన పెద్దవాళ్లు ఇంట్లో ఒంటరిగా ఉంటారు, గుమ్మంలో ఎవరున్నారో చూశాకే తలుపు తీయాలి అనుకుంటే మరో ఆలోచన లేకుండా ఒకే సంస్థ జత తీసుకోండి, అందులోనూ కరెంటు తీగ ఉన్న డోర్‌బెల్ తీసుకోండి. వాళ్లు ఏ మాటా గుర్తుపెట్టుకోనక్కర లేకుండా తెర తానుగా వెలగడం ఇక్కడ మిగతా కొలమానాలన్నింటికంటే బరువైనది. ఈ అవసరానికి నేను కట్టుకున్న సర్వరు కూడా నాసిరకమే అంటాను, ఎందుకంటే అది మొరాయించినప్పుడు బాగుచేయడానికి నేను ఇంట్లో ఉండాలి.

అద్దె ఇంట్లో ఉండేవారు గోడలకు రంధ్రాలు పెట్టలేరు, తరచూ మారవలసి వస్తుంది. వారికి ఖాతాల ముడి దారి సరిపోతుంది. మెమరీ కార్డు ఉన్న కెమెరా తీసుకుని, ముడి బాగా నడిస్తే సంతోషం, నడవకపోయినా యాప్‌లో చూసుకోవచ్చన్న ధోరణితో ఉండాలి.

ఇంట్లో ఇప్పటికే డిస్‌ప్లే ఉండి కెమెరా ఇంకా కొననివారికి ఒక చిన్న సంగతి. నెస్ట్ హబ్ మ్యాక్స్‌కూ, ఎకో షోలలో కొన్నింటికీ తమ సొంత కెమెరా ఉంటుంది; ఇంట్లో లేనప్పుడు ఆ గదిని ఫోనులో చూసుకోవడానికి అది చాలు. మామూలు నెస్ట్ హబ్‌కు కెమెరా లేదు, పడకగదిలో పెట్టుకోవడానికి చాలామంది దాన్నే ఇష్టపడటానికి కారణం అదే.

అయిదారు కెమెరాలు కావలసినవారు, వాటన్నింటినీ ఒకే తెర మీద గడులుగా రోజంతా చూడాలనుకునేవారు స్మార్ట్ డిస్‌ప్లేల వైపు వెళ్లవద్దు. అవి అడిగినప్పుడు కాసేపు చూపించడానికి రూపొందినవి. కొంతసేపటికి ప్రసారాన్ని తామే ఆపి గడియారానికో ఫొటోలకో తిరిగిపోతాయి. గూగుల్ తన నెస్ట్ కెమెరాల ప్రసారాన్ని బయటి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చేటప్పుడు కూడా అయిదు నిమిషాల గడువే పెట్టి, ఆ తర్వాత మళ్లీ పొడిగించుకోమంటుంది. ఇలాంటి అవసరానికి ఎన్‌వీఆర్, లేదా ఓపిక ఉంటే సొంత సర్వరు.

ఏ దారిలోనైనా రౌటరు దగ్గర ఒక మెలిక ఉంది. భద్రత కోసం కెమెరాలను గెస్ట్ వైఫై మీద ఉంచడం మంచి అలవాటే. కానీ గెస్ట్ వైఫైలో పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా అడ్డుగోడ ఉంటుంది. సర్వర్ల మీదుగా నడిచే జతలకు దానివల్ల ఇబ్బంది లేదు. ఇంట్లోనే నేరుగా నడిచే దారులు మాత్రం అక్కడ ఆగిపోతాయి. అలాగే చాలా కెమెరాలకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. గుమ్మం బయట, రెండు గోడల అవతల సిగ్నల్ ఎలా ఉందో కెమెరా బిగించాక కాదు, బిగించకముందే ఫోను పట్టుకుని అక్కడ నిలబడి చూసుకోవాలి.

## ఇప్పుడే కొనాలా, కొంతకాలం ఆగాలా

ఏ సంస్థ కెమెరా అయినా ఏ సంస్థ తెర మీదైనా కనిపించాలన్న కోరికకు మ్యాటర్ ప్రమాణం జవాబు చెబుతోంది. 2022లో మొదటి రూపం వచ్చినప్పుడు అందులో కెమెరాలు లేవు. 2025 నవంబరులో వెలువడిన 1.5 రూపంలో చేరాయి, అదీ వెబ్‌ఆర్‌టీసీ ఆధారంగా. అయితే ప్రమాణం కాగితం మీదకు రావడం వేరు, కెమెరా సంస్థా డిస్‌ప్లే సంస్థా రెండూ దాన్ని తమ పరికరాల్లోకి తేవడం వేరు. పెట్టె మీద మ్యాటర్ గుర్తు కనిపించినా, అది ఏ రూపమో, అందులో కెమెరా పని ఉందో లేదో చూడకుండా తీసుకోకండి.

గుమ్మం దగ్గర అవసరం ఈరోజే ఉంటే ఆగడంలో అర్థం లేదు. కాకపోతే రెండు కెమెరాల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు, మిగతావన్నీ సమానంగా ఉంటే, ఆర్‌టీఎస్‌పీ సదుపాయం ఉన్నదాన్నే తీసుకోండి. ఈరోజు దాన్ని ఖాతాల ముడితో డిస్‌ప్లేలో చూసుకోవచ్చు. రేపు ఆ సంస్థ తన సర్వరును మూసేసినా, స్కిల్‌ను తీసేసినా, అదే కెమెరాను అదే మేకు మీద నుంచి దించకుండా మరో దారిలోకి మళ్లించుకోవచ్చు.